స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్: పిల్లల నోటు పుస్తకాల్లో నాకు దొరికిన కంటెంట్, మెథడాలజీ

ప్రభుత్వ ఉపాధ్యాయుల నియామక పరీక్ష డీఎస్సీలో, స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్ పోస్టుకు ఎంపిక జాబితాలో నా పేరు వచ్చినప్పటి నుంచి కడప, ప్రొద్దుటూరు, రాజంపేట మిత్రులు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఏ పుస్తకాలు చదివారు, ఎక్కడ కోచింగ్ తీసుకున్నారు అని అందరూ అడుగుతున్నారు. పుస్తకాల విషయంలో నా దగ్గర రహస్యమేమీ లేదు, మీ బల్ల మీద ఉన్నవే నేనూ చదివాను. 160 ప్రశ్నల్లో కంటెంట్ (సబ్జెక్టు) 80, మెథడాలజీ (బోధనా పద్ధతులు) 40 అని మీకు మళ్లీ చెప్పనవసరం లేదు. ఆ 120 ప్రశ్నలకూ నాకు పునాది పడింది మాత్రం పదో తరగతి గదిలో. అందులోనూ ఒక్క పాఠం దగ్గర.

2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన రాకముందు నుంచే నేను కడపలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ ఎప్పుడొస్తుందో తెలియని రోజులవి. తోటివారు అవనిగడ్డకో నంద్యాలకో వెళ్లి గదులు తీసుకున్నారు. ఉద్యోగం మానకుండా డీఎస్సీ కొట్టడం కుదరదని నాకు చాలామంది చెప్పారు. నేను మానలేదు. ఇంటి ఖర్చులు ఒక కారణం. పాఠం చెప్పకుండా పాఠం చెప్పే పరీక్షకు చదవడం నాకు నచ్చకపోవడం రెండో కారణం.

ఇక ఆ పాఠం సంగతి. హూ, విచ్‌లతో మొదలై నామవాచకాన్ని వర్ణించే రిలేటివ్ క్లాజులను కుదించడం గురించి ఏ గైడులో చూసినా ఒకటే సూత్రం ఉంటుంది: హూ, విచ్ తీసేయాలి, పక్కనున్న బీ రూపాన్ని (ఈజ్, వాజ్ లాంటివి) తీసేయాలి, కర్తరి అయితే ఐఎన్‌జీ, కర్మణి అయితే క్రియ మూడో రూపం. మా పిల్లలు దీన్ని తడుముకోకుండా అప్పజెప్పారు. నోటు పుస్తకాలు తీసుకుంటే చాలామంది ‘ద లెసన్ టీచింగ్ బై ద టీచర్’ అని రాశారు. సూత్రం వచ్చిన పిల్లలే తప్పు రాస్తున్నారంటే, వాళ్లు ఆ వాక్యాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో చూడాలి.

తెలుగులో ‘పాఠం చెప్పే టీచర్’ అంటాం, ‘టీచర్ చెప్పే పాఠం’ అనీ అంటాం. రెండు చోట్లా ‘చెప్పే’ మారలేదు. క్రియ నుంచి పుట్టే ఇలాంటి మన ధాతుజ విశేషణం పని చేసేవారికీ, పని జరిగే వస్తువుకూ ఒకే రూపంలో సరిపోతుంది. ఎవరు చెబుతున్నారో పక్క పదాలను బట్టి మనమే గ్రహిస్తాం. ఇంగ్లీషులో ఆ తేడా క్రియలోనే కనిపించాలి: ‘ద టీచర్ టీచింగ్ ద లెసన్’, ‘ద లెసన్ టాట్ బై ద టీచర్’. పైగా మన విశేషణం నామవాచకానికి ముందు నిలుస్తుంది, వాళ్లది వెనుక వస్తుంది. హూ, విచ్ లేకుండా చెప్పడం తెలుగు పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్యే. వాళ్లు తడబడేది ఈ రెండు చోట్ల మాత్రమే.

మర్నాడు సూత్రం పక్కన పెట్టి, బోర్డు మీద తెలుగు పదబంధాలు రాసి ఒకే ప్రశ్న అడిగాను: ఈ నామవాచకం పని చేస్తోందా, దీని మీద పని జరుగుతోందా? చేస్తుంటే ఐఎన్‌జీ, జరుగుతుంటే మూడో రూపం. తప్పులు బాగా తగ్గాయి. అప్పుడు ఒక అమ్మాయి లేచి, “‘బావి తవ్విన మనిషి’ని ‘ద మ్యాన్ డిగ్గింగ్ ద వెల్’ అనవచ్చా మేడమ్?” అని అడిగింది. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ సంతోషం కలిగిస్తుంది. అలా అనకూడదు. డిగ్గింగ్ అంటే ఆ మనిషి ఇంకా తవ్వుతూనే ఉన్నట్టు అర్థం వస్తుంది. ఒకసారి జరిగి ముగిసిపోయిన పనికి ‘హూ డగ్’ అని పూర్తిగానే రాయాలి. అదే బావి వైపు నుంచి చెబితే ‘ద వెల్ డగ్ బై ద మ్యాన్’ చక్కగా కుదురుతుంది.

అక్కడి నుంచి మిగతావి వరసగా వచ్చాయి. ‘ద బుక్ విచ్ ఐ బాట్’లో విచ్ కర్మస్థానంలో ఉంది, దాన్ని తీసేయడంతోనే ఆగాలి, ఐఎన్‌జీ జోలికి పోకూడదు. ‘ద బాయ్ హూ ఈజ్ టాల్’ను కుదిస్తే విశేషణం ముందుకు జరిగి ‘ద టాల్ బాయ్’ అవుతుంది. ఫస్ట్, లాస్ట్, ఓన్లీ ఉన్నచోట ‘టు కమ్’ లాంటి టూ ఇన్ఫినిటివ్ వాడవచ్చు. 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలు గురించి రాసినప్పుడు ‘విచ్ వాజ్’ తీసేసి, కామాల మధ్య ‘ద క్యాపిటల్’ మొదలుకొని ఉంచితే చాలు. ఆ వాక్యం పిల్లలకు వ్యాకరణం, నాకు జీకే.

మెథడాలజీ మీద భయం పోయింది కూడా ఇక్కడే. 1957లో భాషావేత్త లాడో చెప్పిన కాంట్రాస్టివ్ అనాలిసిస్‌నూ (మాతృభాషనూ నేర్చుకునే భాషనూ పోల్చి చూడడం), అభ్యాసకుల తప్పులకు విలువ ఉందని 1967లో కార్డర్ చెప్పినదాన్నీ అంతకుముందు నేను పేరు, సంవత్సరం జతపరుస్తూ చదివేదాన్ని. నోటు పుస్తకాలు దిద్దాక ఆ రెండూ ఎందుకు పుట్టాయో అర్థమైంది. ఆ తర్వాత ఆప్షన్లు ఎలా తిప్పి ఇచ్చినా తికమక పడలేదు.

సైకాలజీ, విద్యా దృక్పథాలు పాత ప్రశ్నపత్రాలతో లాగాను. జీకేకు దినపత్రిక, నోట్సు. అంతే.

క్రమశిక్షణ గురించి ఒక్కమాట గట్టిగానే అంటాను. బడి, ఇల్లు, వంట, దిద్దుబాటు అన్నీ చూసుకుంటూ చదివాను. సమయం లేదనే మాట నేను ఒప్పుకోను. తెల్లవారుజామున ఫోను ముట్టకుండా కూర్చోగలిగితే ఉద్యోగం చేస్తున్నవాళ్లకూ చదువు సాగుతుంది. సెలవు పెట్టలేదని నన్ను తప్పుబట్టిన వారితో నాకు పేచీ లేదు, కానీ నా నిర్ణయం సరైనదే.

బడిలో చెప్పే అవకాశం లేనివారు పక్కింటి పదో తరగతి పిల్లల నోటు పుస్తకాలు అడిగి తెచ్చుకుని దిద్దండి. ముందు ‘చెప్పే’ లాంటి జంటలు ఇచ్చి రాయించండి, ‘తవ్విన’ లాంటివి అవి కుదిరాకే ఇవ్వండి. ప్రతి తప్పు పక్కన పిల్లలు మనసులో అనుకున్న తెలుగు వాక్యాన్ని వాళ్ల చేతనే రాయించండి.