నాలుగో బెల్టు

29 నవంబర్ 2025, శనివారం
ఇప్స్‌విచ్

శనివారం మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా అమ్మాయి. బడి ఉన్న రోజుల్లో ఎంత పిలిచినా దుప్పటి వదలని పిల్ల, ఈ రోజు ఏడు గంటలకే చేతులకు పట్టీలు చుట్టుకుని, బూట్లు వేసుకుని, "నాన్నా, ఆలస్యమవుతోంది" అంటూ గుమ్మం దగ్గర నిలబడింది. బయట సన్నటి వాన. టీ సగం తాగి బయలుదేరాను.

పిల్లల బాక్సింగ్ క్లబ్బులో గోడవారగా ఒక పొడుగు బెంచీ ఉంది. వాళ్లు తాడు దూకుతూ, సంచులు గుద్దుతూ ఉంటే తల్లిదండ్రులం అక్కడ కూర్చుంటాం. ఇదివరకు మా మాటలు వాతావరణం గురించి, బడుల గురించి సాగేవి. ఈ నెలలో అంతా ఫాబియో వార్డ్లీ గురించే. అతను ఈ ఊరివాడు. చిన్నప్పటినుంచి క్లబ్బుల్లో పెరిగి, అమెచ్యూర్ పతకాలు గెలిచి వచ్చినవాడు కాదు. ఉద్యోగం చేసుకుంటూ సరదా పోటీల్లో దిగి, అక్కడినుంచి వృత్తిలోకి వచ్చాడు. జూన్‌లో పోర్ట్‌మన్ రోడ్ ఫుట్‌బాల్ మైదానంలో జస్టిస్ హూనీతో తలపడినప్పుడు మేమూ వెళ్లాం. రౌండ్ తర్వాత రౌండ్ ఓడిపోతూనే ఉన్నాడు. పదో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో ముగించాడు. అక్టోబర్ 25న లండన్‌లో జోసెఫ్ పార్కర్‌ను పదకొండో రౌండులో ఆపాడు. ఈ నెలలో ఉక్రెయిన్ ఛాంపియన్ ఒలెక్సాండర్ ఉసిక్ తన నాలుగు ప్రపంచ బెల్టుల్లో డబ్ల్యూబీవో అనే సంస్థది వదులుకోగానే అది వార్డ్లీకి వచ్చింది. మా ఊరికి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ ఉన్నాడు. బజారులో నడుస్తుంటే ఆ సంగతి మనుషుల ముఖాల్లో కనిపిస్తోంది.

నా పక్కన కూర్చునే పెద్దమనిషి ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాడు, మనవణ్ణి తీసుకొస్తాడు. "మిగతా మూడూ ఉసిక్ దగ్గరే ఉన్నాయి. మావాడు అతణ్ణి ఒకసారి ఓడిస్తే నాలుగూ ఇంటికి వస్తాయి" అన్నాడు. ఆ మాటలో గొప్పలు లేవు, నిజంగానే నమ్ముతున్నాడు. నాకూ నమ్మాలనే ఉంది. వార్డ్లీ చేతిలో ఉన్న బలం ఏ క్షణానైనా పోటీని తిప్పేయగలదు. కాని ఉసిక్ ఆ క్షణాన్ని ఎదుటివాడికి ఇచ్చే మనిషి కాదు. జూలైలో వెంబ్లీలో డేనియల్ డుబ్వాను ఐదో రౌండులో పడగొట్టిన తీరు చూశాం కదా. అంతకంటే ముందు నన్ను వేధించే ప్రశ్న వేరే ఉంది: ఆ పోటీ అసలు జరుగుతుందా? జరగనిస్తారా?

నిన్నటికి సరిగ్గా పదేళ్లు, టైసన్ ఫ్యూరీ డ్యూసెల్‌డార్ఫ్‌లో వ్లాదిమిర్ క్లిచ్కోను ఓడించి. 2015 నవంబర్ 28. ఆ రాత్రి మాంచెస్టర్‌లో ఒక మిత్రుడి గదిలో చూశాను. పదకొండేళ్లుగా ఓటమి ఎరగని మనిషిని ఆ పొడుగాటి కుర్రవాడు దగ్గరికి రానివ్వకుండా పన్నెండు రౌండ్లు ఆడించాడు. డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో సంస్థల బెల్టులు మూడూ అతనివే అయ్యాయి. ఇంకొక్కటి గెలిస్తే లెనాక్స్ లూయిస్ తర్వాత మళ్లీ అన్ని బెల్టులూ ఉన్న తిరుగులేని హెవీవెయిట్ ఛాంపియన్ బ్రిటన్‌కు వచ్చేవాడు. పది రోజులు తిరిగేసరికి ఐబీఎఫ్ తన బెల్టు తీసేసుకుంది. క్లిచ్కోతో రెండోసారి పోటీపడాలని అప్పటికే ఒప్పందం ఉంది, ఐబీఎఫ్ మాత్రం తాను నిర్ణయించిన ప్రత్యర్థితో ముందు తలపడాలంది. గుద్దు తగలకుండానే బెల్టు పోయింది. మిగతావి మరుసటి ఏడాది అతనే వదులుకున్నాడు, అప్పుడు మానసికంగా కుంగిపోయి ఉన్నాడు.

ఈ కథ ఒక్క ఫ్యూరీదే కాదు, ప్రతి తరంలోనూ జరుగుతుంది. జో కాల్జాగీ వేల్స్ వీరుడు, 46 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. 2006 మార్చిలో జెఫ్ లేసీ మీద ఐబీఎఫ్ బెల్టు గెలిచాడు, 2007 నవంబర్‌లో కార్డిఫ్‌లో మికెల్ కెస్లర్ మీద డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ గెలిచాడు. డబ్ల్యూబీవో పదేళ్లుగా అతని దగ్గరే ఉంది. అంటే తన సూపర్ మిడిల్‌వెయిట్ బరువులో నాలుగు బెల్టులూ గెలిచాడు, నాలుగూ ఒకేసారి నడుముకు కట్టలేదు. కెస్లర్‌తో తలపడేనాటికే ఐబీఎఫ్‌ది వదిలేయాల్సి వచ్చింది. ఆంథొనీ జాషువా దగ్గర మూడు ఉన్నప్పుడు నాలుగోది అమెరికా బాక్సర్ డియాంటే వైల్డర్ దగ్గర ఉండేది. 2018 అంతా మాటలు నడిచాయి, పోటీ మాత్రం జరగలేదు. ఆ తర్వాత జాషువా, ఫ్యూరీ ఇద్దరి మధ్యే నాలుగూ పంచుకుని ఉన్న కాలం వచ్చింది. 2021లో ఇద్దరు బ్రిటిష్ వాళ్లు ఒకే రింగులో నాలుగు బెల్టులకు తలపడబోతున్నారని ప్రకటన కూడా వచ్చింది. ఫ్యూరీ వైల్డర్‌కు మూడో పోటీ ఇచ్చి తీరాలని అమెరికాలో మధ్యవర్తి తీర్పు చెప్పడంతో అదీ పోయింది. ఆ పోటీ జరగలేదన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఎవరు గెలిచినా నాలుగూ ఇక్కడే ఉండేవి.

మధ్యాహ్నం బట్టలు ఉతికి హీటర్ల మీద ఆరేస్తుంటే నిజామాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. అమ్మాయి క్లబ్బు గురించి అడిగాడు. నిఖత్ జరీన్ ఊరివాడు కాబట్టి అతనికి బాక్సింగ్ అంటే సొంత విషయం. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఆమె బంగారు పతకం గెలిచినప్పుడు వీధి వీధంతా టీవీ ముందే ఉందట. వార్డ్లీ సంగతి చెబితే సంతోషించాడు, వెంటనే అడిగాడు: "మరి ఉసిక్ ఎవరు బావా? ఒక బరువుకి ఒక ఛాంపియనే కదా ఉండాలి?"

అడగాల్సిన ప్రశ్న. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని, చొక్కాలు దులుపుతూనే చెప్పాను. వృత్తి బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అని ప్రకటించే సంస్థలు నాలుగు. డబ్ల్యూబీఏ మూలాలు 1921లో అమెరికాలో ఉన్నాయి. డబ్ల్యూబీసీ 1963లో మెక్సికోలో పుట్టింది. ఐబీఎఫ్ 1983లో అమెరికాలో, డబ్ల్యూబీవో 1988లో ప్యూర్టోరికోలో వచ్చాయి. ప్రతి సంస్థకూ సొంత ర్యాంకులు, సొంత బెల్టు, సొంతంగా నిర్ణయించిన తప్పనిసరి ప్రత్యర్థి. తన బెల్టు కోసం పోటీ జరిగిన ప్రతిసారీ బాక్సర్ సంపాదనలో వాటా తీసుకుంటుంది. నాలుగు బెల్టులూ ఉన్నవాడు నలుగురు యజమానుల దగ్గర ఒకేసారి జీతానికి కుదిరినట్టే; ఒకే నెలలో నలుగురూ పనికి రమ్మంటారు. వెళ్లని చోట ఉద్యోగం పోతుంది.

"అయితే నాలుగూ గెలిచి లాభం ఏముంది?" అన్నాడు.

ఉంది. ఆ ఒక్క రాత్రికి ప్రపంచంలో తనకంటే పైన ఎవరూ లేరని ఎవరూ కాదనలేని విధంగా తేలుతుంది. అంతకంటే ఇంకేం కావాలి? 2021 మే 22న స్కాట్లండ్‌కు చెందిన జోష్ టేలర్ లాస్ వేగస్‌లో హొసే రామిరెజ్‌ను ఆరో రౌండులో ఒకసారి, ఏడో రౌండులో ఒకసారి పడగొట్టాడు. ముగ్గురు జడ్జిలూ 114-112 అనే రాశారు. అంటే ఆ రెండుసార్లు పడగొట్టకపోయి ఉంటే గెలుపు దక్కేది కాదు. నాలుగు బెల్టుల కాలంలో ఆ ఘనత సాధించిన బ్రిటిష్ పురుషుడు అతనొక్కడే. ఏడాది తిరగకముందే బెల్టులు ఒక్కొక్కటే చేజారడం మొదలైంది. అయినా ఆ రాత్రిని అతని నుంచి ఎవరూ తీసుకోలేరు.

మాకు సాయంత్రం, వాళ్లకు రాత్రి భోజనం వేళయింది. పెట్టేశాడు.

సాయంత్రం నాలుగుకే చీకటి పడింది. మా ఆవిడ చింతపండు పులిహోర కలుపుతుంటే, అమ్మాయికి పాత పోటీ ఒకటి చూపించాను: 1986 సెప్టెంబర్ 27, అట్లాంటిక్ సిటీ, లాయిడ్ హనీగన్, డాన్ కర్రీ. కర్రీ అప్పటికి ఓటమి లేనివాడు, ప్రపంచంలోని అత్యుత్తమ బాక్సర్లలో ఒకడని పేరు. హనీగన్ జమైకాలో పుట్టి లండన్‌లో పెరిగినవాడు. అతను గెలుస్తాడని దాదాపు ఎవరూ అనుకోలేదు. ఆరు రౌండ్లు అయ్యాక కర్రీ స్టూలు మీదనుంచి లేవలేకపోయాడు. అప్పటికి ఉన్న మూడు ప్రధాన బెల్టులూ ఒక్క దెబ్బకు హనీగన్ చేతికి వచ్చాయి.

అమ్మాయిని నిజంగా కట్టిపడేసింది ఆ తర్వాతి సంగతి. దక్షిణాఫ్రికా తెల్లజాతి బాక్సర్‌తో తలపడాలని డబ్ల్యూబీఏ ఆదేశించింది. జాతివివక్ష పాలన ఉన్న దేశపు బాక్సర్‌తో తలపడనని హనీగన్ ఆ బెల్టు తీసి లండన్‌లో చెత్తబుట్టలో వేశాడు. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. "మూడు గెలిచి ఒకటి తనే పారేశాడా?" అంది చివరికి. అవును. బ్రిటిష్ బాక్సర్లు ఏకం చేసిన టైటిళ్లు విడిపోవడానికి కారణాల్లో డబ్బుంది, ప్రమోటర్ల తగవులున్నాయి, టీవీ ఒప్పందాలున్నాయి, గాయాలున్నాయి. ఈ ఒక్క కారణాన్ని మాత్రం నేను తలెత్తి చెప్పగలను.

తర్వాత దానికి నా అసలు అభిప్రాయం చెప్పాను. పొద్దున బెంచీ మీద ఆ పెద్దాయనకు చెప్పినా పెద్దగా పట్టించుకోలేదు. ఈ రోజు బ్రిటన్‌లో నాలుగు బెల్టులకూ అందరికంటే దగ్గరగా ఉన్నది హెవీవెయిట్ మగవాళ్లు కాదు, ఇద్దరు ఆడపిల్లలు. లారెన్ ప్రైస్, ఎలీ స్కాట్నీ. ఇద్దరి దగ్గరా మూడేసి ఉన్నాయి. స్కాట్నీ లండన్ అమ్మాయి, జూలైలో న్యూయార్క్‌లో యామిలెత్ మెర్కాడోను ఓడించి సూపర్ బాంటమ్‌వెయిట్‌లో మూడోది గెలిచింది. ప్రైస్ వేల్స్ అమ్మాయి. అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగింది, వేల్స్ జట్టుకు ఫుట్‌బాల్ ఆడింది, సాధన ఖర్చుల కోసం టాక్సీ నడిపింది, టోక్యోలో ఒలింపిక్ బంగారు పతకం గెలిచింది. ఈ ఏడాది మార్చి 7న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో, ఆ రాత్రి పోటీలన్నీ మహిళలవే, లివర్‌పూల్‌కు చెందిన నటాషా జోనస్‌ను ఓడించి వెల్టర్‌వెయిట్‌లో మూడు బెల్టులు ఒకచోట చేర్చింది.

అలా అని నేను ఊరికే అనడం లేదు. 2022 నవంబర్‌లో నార్తాంప్టన్‌కు చెందిన షాంటెల్ కామెరాన్ అబుదాబిలో, 2023 జూలైలో సవానా మార్షల్ మాంచెస్టర్‌లో నాలుగూ సాధించారు. మహిళల్లో ఛాంపియన్లు ఒకరికొకరు తప్పుకు తిరగడం తక్కువ. పెద్ద పోటీ లేకపోతే పెద్ద సంపాదన లేదు కాబట్టి ఎదురుపడతారు. మగవాళ్లలో నాలుగేళ్లు మాటల్లోనే గడిచిపోయేది ఇక్కడ కొన్ని నెలల్లో తేలిపోతుంది. రెండు నిమిషాల రౌండ్లు, పది రౌండ్లు. ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండదు, చూసేవాళ్లకీ ఉండదు. ఆ ఆల్బర్ట్ హాల్ రాత్రి మా అమ్మాయి సోఫా మీద కూర్చోలేదు, పోటీలయ్యేదాకా నిలబడే ఉంది.

ప్రైస్‌కు కావలసిన నాలుగోది డబ్ల్యూబీవో బెల్టు. దాన్ని మార్చిలో అమెరికాకు చెందిన మికేలా మేయర్ నిలబెట్టుకుంది. అక్టోబర్‌లో ఆమె ఒక మెట్టు పై బరువులో దిగి అక్కడ మూడు బెల్టులు గెలిచింది. నా భయమంతా అదే. మేయర్ పైనే ఉండిపోయి కింది బెల్టు వదులుకుంటే, ప్రైస్ ఆ ఖాళీ టైటిల్‌ను ఇంకెవరి మీదనో గెలవాల్సి వస్తుంది.

"ఎవరి మీద గెలిస్తే ఏముంది నాన్నా, నాలుగే కదా" అంది అమ్మాయి.

కాదు తల్లీ. పట్టుకుని ఉన్నదాని చేతిలోంచి తీసుకోవాలి. లూయిస్‌కు మొదటి బెల్టు 1992లో రిడిక్ బో అతనితో తలపడనని వదిలేస్తే వచ్చింది. ఎన్నేళ్లు గెలిచినా ఆ మాట వెంటాడింది. 1999 మార్చిలో మిగతా బెల్టులున్న అమెరికా బాక్సర్ ఇవాండర్ హోలీఫీల్డ్‌తో తలపడ్డాడు, గెలిచాడని అందరూ అనుకున్నా జడ్జిలు సమానమన్నారు. నవంబర్‌లో మళ్లీ వెళ్లి గెలిచాడు. అప్పుడు గాని నోళ్లు మూతపడలేదు. వార్డ్లీ కూడా అంతే, అతనికి డబ్ల్యూబీవో బెల్టు ఉసిక్ వదిలితే వచ్చింది. అతనూ ఉసిక్‌కు ఎదురుగా నిలబడాలి, ఓడిపోయినా సరే. మా ఊరివాడు కాబట్టే ఇంత గట్టిగా కోరుకుంటున్నాను.

పులిహోర తింటూ మళ్లీ ఇదే చర్చ. ప్రైస్, మేయర్ పోటీ కుదిరి కార్డిఫ్‌లో జరిగితే ముగ్గురం వెళ్దామన్నాను. రైలు చార్జీలు, రాత్రి బస ఖర్చు లెక్కపెట్టి మా ఆవిడ సరేనంది. స్కాట్నీది లండన్‌లో అయితే ఇంకా సులువు, గంటంపావు ప్రయాణమే.