రియల్ ఎస్టేట్ ఏజెంటు కోర్సుకి డబ్బు కట్టే ముందు: బెజవాడ, గుంటూరు వాళ్లకి

అమరావతి పనులు మళ్లీ ఊపందుకున్నాక బెజవాడలోనూ గుంటూరులోనూ స్థలాల వ్యాపారంలోకి రావాలనుకునే కుర్రాళ్లు, ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లు పెరిగారు. వాళ్లతో పాటే ట్రైనింగ్ ఇస్తామనేవాళ్లూ పెరిగారు. రెండు రోజుల వర్క్‌షాప్ ఒకరిది, నెల రోజుల వీకెండ్ బ్యాచ్ ఇంకొకరిది, ఫోన్లో వీడియోలు మరొకరివి. ఏది పనికొస్తుందో తేల్చుకోవడానికి ఒక్కటి చూసుకుంటే చాలు. కోర్సు అయ్యేసరికి ఒక స్థలం ఫైలు మీ చేతికిస్తే, అందులో ఏ కాగితం లేదో, ఏది అనుమానంగా ఉందో, లాయరుని ఏం అడగాలో మీరు చెప్పగలగాలి. కొనే, అమ్మే పార్టీలతో మాట్లాడే నేర్పు పనిలో పడ్డాక అదే వస్తుంది. కాగితం చదవడం మాత్రం ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాల్సిందే.

ముందు చట్టం సంగతి. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం రెరాలో నమోదైన ప్రాజెక్టులో ప్లాటు గానీ ఫ్లాటు గానీ అమ్మిపెట్టాలంటే ఏజెంటుకి రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా అమ్మితే రోజుకి 10,000 రూపాయల జరిమానా, అది ఆ ఆస్తి ధరలో 5 శాతం దాకా వెళ్లొచ్చు. ఆ సెక్షన్ అడిగేది రిజిస్ట్రేషన్, డిగ్రీ కాదు, కోర్సు సర్టిఫికెట్టూ కాదు. మహారాష్ట్రలో మాత్రం అక్కడి రెరా సంస్థ 2023 నుంచి ఏజెంట్లకి 20 గంటల శిక్షణ, ఆపైన పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ వార్తనే చూపించి "మా సర్టిఫికెట్ లేకపోతే రేపు లైసెన్సు రాదు" అని ఇక్కడ భయపెట్టేవాళ్లున్నారు. అలాంటి చోట ఒకటే అడగండి: ఏ ఉత్తర్వు, ఏ తేదీది, కాపీ చూపిస్తారా అని. చూపించలేకపోతే లేచి వచ్చేయండి. "రెరా గుర్తింపు పొందిన ఇన్‌స్టిట్యూట్" అన్నా అదే ప్రశ్న.

వెంచర్ కంపెనీలు పెట్టే ఉచిత ట్రైనింగ్ గురించి గట్టిగానే చెప్పాలి. భోజనం పెడతారు, ఏసీ హాలు ఉంటుంది, స్టేజీ మీద కారు తాళాలు ఇస్తారు. రెండో రోజుకి "మీ బంధువులు, స్నేహితుల లిస్టు రాయండి" అంటారు, మూడో రోజుకి "నమ్మకం కుదరాలంటే ముందు మీరొక ప్లాటు బుక్ చేయండి" అంటారు. మీ కింద చేరినవాళ్ల అమ్మకాల మీద మీకు, మీ అమ్మకాల మీద మీ పైవాళ్లకి కమీషన్ అనే లెక్క బోర్డు మీద కనబడితే అది శిక్షణ కాదు, గొలుసు వ్యాపారం. మనుషుల్ని చేర్పించడం మీదే డబ్బు తిరిగే పథకాల్ని నిషేధిస్తూ 1978లోనే కేంద్ర చట్టం వచ్చింది. రెరా నంబరు రాకముందే "ప్రీ లాంచ్" పేరుతో బుకింగులు తీసుకోమని నేర్పేవాళ్లు ఇంకా ప్రమాదం. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటుకి రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. రేపు ప్రాజెక్టు ఆగితే కంపెనీ ఫోను ఎత్తదు. పార్టీ వచ్చేది మీ ఇంటి ముందుకే, ఎందుకంటే ఆయన మీ మేనమామో, మీ స్కూలు మాస్టారో అయ్యుంటారు.

హైదరాబాద్ నుంచి నడిపే ఆన్‌లైన్ కోర్సుల్లో కొన్ని చక్కగానే ఉంటాయి, కానీ మన పనికి సగమే పనికొస్తాయి. అక్కడ లెక్క గుంటల్లో, గుంటంటే 121 గజాలు. మనకి సెంట్లలో, సెంటంటే 48.4 గజాలు, వంద సెంట్లు ఎకరం. అక్కడ వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు దగ్గర, భూరికార్డులకి ధరణి పోయి భూభారతి వచ్చింది. ఇక్కడ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, మీభూమి సైటు, సాగు రికార్డు అడంగల్, యాజమాన్య రికార్డు 1బి. లేఅవుట్ అనుమతులిచ్చే సంస్థలు అక్కడ హెచ్‌ఎండీఏ, ఇక్కడ సీఆర్‌డీఏ, డీటీసీపీ. ఇక రాజధాని ప్రాంతం 2015 ల్యాండ్ పూలింగ్ (రైతులు రాజధానికి భూమిచ్చి బదులుగా ప్లాట్లు తీసుకునే పథకం) గురించి అక్కడి సిలబస్‌లో ఎందుకుంటుంది? పట్టా భూమి ఎకరం ఇచ్చిన రైతుకి మెట్ట అయితే 1,000 గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు, నీటి వసతి ఉన్న జరీబు భూమి అయితే 1,000, 450 అన్న లెక్క, రైతు చేతిలో ఉండే పూలింగ్ ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఏమిటి, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి తాలూకు ప్లాటుకీ పట్టా భూమి తాలూకు ప్లాటుకీ తేడా ఏమిటి, ఇవి తెలియకుండా తుళ్లూరు వైపు బేరానికి వెళ్లకూడదు. మంగళగిరి, తాడేపల్లి, కాజ, నంబూరు వైపు పని చేయాలనుకుంటే ఈ ప్రాంతంలో ఫైళ్లు నడిపిన మనిషి పాఠం చెప్పే కోర్సే కావాలి.

డెమో క్లాసుకి వెళ్లినప్పుడు మీరే ఒక ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, పట్టుకెళ్లండి. మీ ఇంటిదైనా సరే, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 1983 నుంచి దొరుకుతుంది. "ఇది ఎలా చదవాలండీ" అని అడగండి. "లోను ఏమీ లేదు, క్లియర్" అని ఒక్క ముక్కతో తేల్చేస్తే ఆయన దగ్గర నేర్చుకునేది తక్కువే. తెలిసినవాడు ఏం చేస్తాడంటే, ముందు పైన సెర్చ్ దేనిమీద చేశారో చూస్తాడు. సర్వే నంబరు 85/2ఎ అని వేసి తీసిన ఈసీలో, ఆ భూమిని ఉత్త 85 అని రాసి 1994లో చేసిన అమ్మకం రాకపోవచ్చు. అందుకే తల్లి నంబరు మీద ఒకటి, సబ్‌డివిజన్ మీద ఒకటి, ఇల్లు కట్టి ఉంటే డోర్ నంబరు మీద ఒకటి తీయాలి. గ్రామం మధ్యలో ఎప్పుడైనా ఒక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పరిధి నుంచి ఇంకోదానికి మారి ఉంటే రెండు చోట్లా వెతకాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక, పాత దస్తావేజులో కృష్ణా జిల్లా అని ఉన్న గొల్లపూడి ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. కంకిపాడు, పెనమలూరు కృష్ణాలోనే ఉన్నాయి. కొత్తవాళ్లు ఇక్కడ తడబడతారు.

తరవాత ఒక్కో వరుసలో రాసిచ్చినవారి పేరు, రాయించుకున్నవారి పేరు కలుపుకుంటూ వస్తాడు. మొదటి దస్తావేజులో కొన్న మనిషే రెండోదాంట్లో అమ్మాలి. మధ్యలో పేరు తెగితే అక్కడ వీలునామానో, పంపకమో, వారసత్వమో ఉండాలి, దాని కాగితం ఏదని అడగాలి. వీలునామా రిజిస్టరైనా ఈసీలో కనబడదు, ఎందుకంటే ఈసీ వచ్చేది రిజిస్ట్రేషన్ ఆఫీసులోని 1వ పుస్తకం నుంచి, వీలునామాలు వెళ్లేది 3వ పుస్తకంలోకి. ఉత్త జీపీఏలు (ఒకరి తరఫున వ్యవహరించడానికిచ్చే అధికారపత్రాలు) 4వ పుస్తకంలోవి. రిజిస్టర్ చేయని అగ్రిమెంటు రాదు. కోర్టులో నడుస్తున్న కేసు గురించి ఈసీ మీద భరోసా పెట్టుకోకూడదు. ఈసీ ఏం చెబుతుందో నేర్పడం తేలిక, ఏం చెప్పదో కూడా నేర్పే చోటు దొరికితే అక్కడ ఫీజు కట్టొచ్చు.

లింకు డాక్యుమెంట్లలో, అంటే పాత దస్తావేజుల్లో, మన జిల్లాల్లో మాటిమాటికీ ఎదురయ్యే తగాదా ఆడపిల్లల సంతకాలది. పిత్రార్జితం భూమిని తండ్రీ కొడుకులు సంతకాలు పెట్టి అమ్మేస్తారు, పదేళ్ల తరవాత కూతురు దావా వేస్తుంది. దేశమంతటికీ హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ అంటారు గానీ, ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి 1985 సెప్టెంబరు 5 నుంచే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఉంది. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో కూతురు పుట్టుకతోనే హక్కుదారు అని స్పష్టం చేసింది. కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీయించి, అందులో ఉన్న ప్రతి పేరుకీ సంతకం ఉందా అని సరిచూడటం ఏజెంటు చేయాల్సిన పని. ఆ తీర్పులు క్లాసులో చెప్పినా చెప్పకపోయినా, సరిచూసే అలవాటు మాత్రం చేయించాలి.

మిగతా సిలబస్‌లో ఉండాల్సినవి: రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితా, 1977 అసైన్డ్ భూముల చట్టం, ఎఫ్‌ఎంబీ అనే సర్వే కొలతల పటంతో హద్దులు పోల్చుకోవడం, లేఅవుట్ ఎల్‌పీ నంబరు (అనుమతి నంబరు) సరిచూడటం. పంచాయతీ ముద్ర ఒక్కటే ఉన్న ప్లాను లేఅవుట్ అనుమతి కాదని మొదటి వారంలోనే చెప్పాలి. రోడ్లు, డ్రైన్లు పూర్తి చేస్తామన్న హామీగా లేఅవుట్ యజమాని కొన్ని ప్లాట్లని అనుమతిచ్చిన సంస్థకి తనఖా పెడతాడు. ఆ నంబర్లు ఏవో అనుమతి కాగితంతో చూసుకోకుండా అడ్వాన్సు ఇప్పించి, రిజిస్ట్రేషన్ రోజున ఇరుక్కునేవాళ్లున్నారు. ఫ్లాట్ల విషయంలో రెరా చెప్పే కార్పెట్ ఏరియా, బిల్డరు చెప్పే ప్లింత్ ఏరియా, అన్‌డివైడెడ్ షేరు (ఫ్లాటుకి వచ్చే స్థలం వాటా) గజాల్లో ఎంత, ఈ మూడూ ఒక నిజమైన ప్లాను మీద లెక్క కట్టించాలి. బాల్కనీ, బయటి గోడ మందం కార్పెట్ ఏరియాలోకి రావు, లోపలి గోడలు వస్తాయి.

లెక్కలు కూడా చేతితో చేయించాలి. 60 లక్షల ఫ్లాటు అనుకోండి. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు. అది కూడా మార్కెట్ విలువ, అమ్మకం ధరల్లో ఏది ఎక్కువైతే దాని మీద. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు ఆదాయపు పన్ను కింద 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి, ఇక్కడ 60 వేలు. రెరా ప్రాజెక్టులో అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి తీసుకోకూడదు కనుక ఆరు లక్షలే గరిష్ఠం. అడ్వాన్సు 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. మీ కమీషన్ మీద కంపెనీ 2 శాతం టీడీఎస్ కోస్తుంది, 2024 అక్టోబరుకి ముందు అది 5 శాతం. ఏడాదికి రాబడి 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్టీ, దానితో పాటు మనీ లాండరింగ్ చట్టం కింద పార్టీల గుర్తింపు రికార్డులు ఉంచే బాధ్యత కూడా వస్తాయి. చాలా కోర్సుల్లో ఇది చెప్పరు.

నోట్సు ఎప్పటిదో చూడటం మర్చిపోవద్దు. ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2024లో రద్దయింది. ఆ చట్టం ఇంకా అమల్లో ఉన్నట్టు పాఠం చెబుతున్నారంటే పాత ఫొటోకాపీలే పంచుతున్నారన్నమాట. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకి మార్చే నాలా విధానంలో కూడా 2025 నుంచి మార్పులొచ్చాయి, దాని గురించి ఏం చెబుతారో అడిగి చూడండి.

ఫీజు మాట్లాడేటప్పుడు రోజులు కాకుండా గంటలు అడగండి. అందులో ఎన్ని గంటలు మోటివేషన్, ఎన్ని గంటలు కాగితాలు? సగం కన్నా తక్కువ కాగితాలైతే వద్దు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లి ఒక రిజిస్ట్రేషన్ మొదటి నుంచి చివరిదాకా చూపిస్తారా, ఫీల్డులో టేపు, ఎఫ్‌ఎంబీ పట్టుకుని ఒక స్థలం కొలిపిస్తారా, మానేస్తే ఎంత వెనక్కిస్తారు, ఇవన్నీ రసీదు మీద రాయించుకోండి. "నెలకి లక్ష గ్యారంటీ" అన్న మాట కూడా రాసివ్వమనండి, రాయరు. అంత డబ్బు పెట్టలేనివాళ్లు ఊళ్లో మంచి పేరున్న దస్తావేజు లేఖరి దగ్గర రెండు మూడు నెలలు కాగితాలు సర్దిపెడుతూ కూర్చుంటే వచ్చే చదువు, చాలా క్లాసుల కంటే గట్టిది. దానికి తోడు రెరా చట్టం 3, 9, 10, 13, 18 సెక్షన్లు నాలుగైదు సార్లు చదువుకోవాలి.

చదువయ్యాక ఏపీ రెరా సైట్‌లో ఏజెంటుగా దరఖాస్తు. పాన్, ఆధార్, ఫొటో, ఆఫీసు చిరునామా ఆధారం, ఆదాయపు పన్ను రిటర్నులు సిద్ధంగా ఉంచుకోండి. వ్యక్తికి ఒక ఫీజు, సంస్థకి ఇంకో ఫీజు, కట్టే రోజున సైట్‌లో ఎంతుందో అంతే కట్టండి, మధ్యలో ఎవరికీ "చూసుకుంటాం" డబ్బులివ్వకండి. నంబరు వచ్చాక మీరు కుదిర్చిన ప్రతి అమ్మకం కాగితంలో ఆ నంబరు ఉండాలి, అది చట్టం మాట. కమీషన్ ఒక శాతమో రెండు శాతమో, ఎవరు ఎప్పుడు ఇస్తారో, బేరం మొదలవ్వకముందే ఇద్దరి సంతకాలతో ఒక తెల్లకాగితం మీదైనా రాయించుకోండి. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు మీ ముందే ఫోన్ నంబర్లు మార్చుకున్న తరవాత ఆ కాగితం గురించి అడిగితే ఎవరూ సంతకం పెట్టరు.