సోమవారం ఆగిపోయిన వాచీ

మావయ్య రిటైరయ్యాక తన ఆటోమేటిక్ వాచీ నాకిచ్చేశారు. శుక్రవారం రాత్రి బీరువాలో పెట్టా, సోమవారం పొద్దున చూస్తే ఆగిపోయి ఉంది. అంత ఖరీదైన వస్తువు నా చేతికొచ్చిన నెలకే పాడైందని ఒకటే టెన్షన్! ఫోన్ చేస్తే ఆయన పగలబడి నవ్వారు. "దానికి బ్యాటరీ ఉండదురా. నీ చెయ్యి ఆడితేనే దానికి తిండి."

వెనక మూత అద్దంది కాబట్టి లోపలంతా కనిపిస్తుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అర్ధచంద్రాకారపు లోహపు బిళ్ళ తిరుగుతూ స్ప్రింగును చుడుతుంది. అది మెల్లగా విప్పుకుంటూ పళ్ళచక్రాలను నడిపిస్తుంది. ఆ విప్పుకోవడాన్ని అదుపు చేసే బ్యాలెన్స్ వీల్ కొట్టుకునేది గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు ఎనిమిది. సెకన్ల ముల్లు గెంతకుండా జారుతున్నట్టు అనిపించేది అందుకే. నిండా చుట్టినా నడిచేది 42 గంటలే. ఆదివారం సాయంత్రానికే ఆగిపోయి ఉంటుంది పాపం.

గోడగడియారానికి కీ ఎక్కువిస్తే తాతయ్య తిట్టేవారు. దీనికా భయం లేదు, నిండగానే స్ప్రింగు చివర లోపలే జారిపోతుంది. ఆగినప్పుడు ఊపేయకుండా కీ ఓ ముప్పై చుట్లు తిప్పితే చాలట. రాత్రి తొమ్మిది తర్వాత మాత్రం తేదీ మార్చొద్దన్నారు, ఆ చక్రాలు అప్పటికే పనిలో ఉంటాయట.

ఇప్పుడు శనివారాలు కూడా కూరగాయలకి పెట్టుకునే వెళ్తున్నా.