పౌలు రాసిచ్చిన ప్రోనోటు

సంఘంలో ఇద్దరికి చెడిందని తెలిస్తే చాలు, మన నోట ముందుగా వచ్చే మాట "క్షమించేయండి, వాక్యం అదే చెబుతోంది కదా" అని. వాక్యం అదే చెబుతోంది, నిజమే. కానీ ఆ మాట అన్నాక మనమేం చేస్తున్నాం? చిన్న ప్రార్థన చేసి, ఇద్దరి చేతులూ కలిపించి, మన ఇంటికి మనం వెళ్లిపోతున్నాం. నష్టపోయిన మనిషి మాత్రం ఆ నష్టాన్ని ఎప్పటిలాగే ఒక్కతే మోసుకుంటూ వెళ్తుంది. నెల తర్వాత ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే "ఇంకా క్షమించలేదా అమ్మా" అని అడిగేదీ మనమే. ఇది చూసి చూసి బాధ కలిగే రాస్తున్నాను.

బైబిల్లో ఫిలేమోను పత్రిక తెరవండి. ఇల్లు విడిచి వెళ్లిన దాసుడు ఒనేసిమును తిరిగి చేర్చుకొమ్మని, అతని యజమాని ఫిలేమోనుకు అపొస్తలుడైన పౌలు ఖైదులోంచి రాసిన ఉత్తరం అది. 25 వచనాలే. చిన్నది కాబట్టి తీతుకు నుంచి హెబ్రీయులకు పోతూ పోతూ దాటేస్తాం. 18, 19 వచనాల దగ్గర కాస్త నిలబడండి. ఒనేసిము వల్ల నీకు ఏ నష్టం జరిగినా, అతడు నీకేమైనా బాకీ ఉన్నా, "అది నా లెక్కలో చేర్చుము" అంటాడు పౌలు. అక్కడితో ఆగలేదు. "పౌలను నేను నా స్వహస్తముతో ఈ మాట వ్రాయుచున్నాను, నేనే దాని తీర్తును" అన్నాడు.

పౌలు చెబుతుంటే పత్రిక వేరొకరు రాయడం మామూలే. రోమా పత్రికను చేత్తో రాసిన తెర్తియు, చివరి అధ్యాయంలో తన వందనం కూడా కలుపుకున్నాడు. కానీ ఇక్కడ, బాకీ సంగతి వచ్చేసరికి, నా చేత్తోనే రాస్తున్నానని పౌలు ప్రత్యేకంగా చెప్పుకున్నాడు. ఇది ఓదార్పు మాట కాదు, ప్రోనోటు. ఎవరు రాసిచ్చారు? ఖైదీ. సంకెళ్లలో ఉన్నవాడికి ఏపాటి సంపాదన ఉంటుంది? అయినా "నేనే తీర్తును" అన్నాడు.

ఇంకోటి చూడండి. ఒనేసిము ఏం చేశాడో పౌలు చిన్నది చేసి చెప్పలేదు. "పోనీలే ఫిలేమోనూ, నీకున్నదాంట్లో ఇదెంత" అనలేదు. నష్టాన్ని నష్టమనే ఒప్పుకున్నాడు, లెక్కలో రాయమన్నాడు. రాసేది మాత్రం ఒనేసిము పేరు మీద కాదు, నా పేరు మీద అన్నాడు. క్షమాపణ అంటే లెక్క లేదనడం అనుకుంటాం మనం. పౌలు దగ్గర లెక్క ఉంది, మారింది తీర్చేవాడు.

ఈ పాఠం ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో తెలుసుకోవాలంటే కొలస్సీ పత్రిక పక్కన పెట్టుకుని చదవాలి. కొలస్సీ 4:7-9 ప్రకారం పౌలు తోటి సేవకుడు తుకికుతో కలిసి వస్తున్నవాడు ఈ ఒనేసిమే. "మీ యొద్దనుండి వచ్చినవాడే" అని పౌలు అతణ్ణి వాళ్లకు గుర్తు చేస్తాడు. అర్ఖిప్పు పేరు రెండు పత్రికల్లోనూ ఉంది. ఫిలేమోను ఇంట్లోనే సంఘం కూడుతోంది. ఇప్పుడు ఆ ఇంటిని కళ్ల ముందు పెట్టుకోండి. తుకికు ఆ కొలస్సీ పత్రిక చదువుతుంటే విశ్వాసులంతా కూర్చుని వింటున్నారు. ఇల్లు విడిచి వెళ్లిన దాసుడు ఆ ఇంట్లోనే, అందరి కళ్లూ తన మీద ఉండగా, తల వంచుకుని నిలబడ్డాడు. యజమాని ఎదురుగా ఉన్నాడు.

చదువు రెండో అధ్యాయం 14వ వచనానికి వచ్చింది. మనమీద ఋణంగా, మనకు విరోధంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టేశాడు. ఆ మాట వింటూ ఫిలేమోను ఒనేసిము వైపు చూశాడో, నేల చూపులు చూశాడో! ఇంకొంచెం ముందుకు వెళ్తే మూడో అధ్యాయం 13వ వచనం: "ప్రభువు మిమ్మును క్షమించినలాగున మీరును క్షమించుడి." ఆ తర్వాత నాలుగో అధ్యాయం మొదట్లోనే, దాసుల పట్ల న్యాయంగా ఉండండి, పరలోకంలో మీకూ యజమానుడున్నాడు అని యజమానులకు చెప్పిన మాట. ఇవన్నీ చెవిన పడ్డాకే ఫిలేమోను తన పేరిట వచ్చిన పత్రికలో పౌలు ప్రోనోటు చూసి ఉంటాడని నాకెప్పుడూ అనిపిస్తుంది. తన పత్రం సిలువకు కొట్టి ఉంది. ఎదుటివాడి బాకీకి అపొస్తలుడు పూచీ పడ్డాడు. ఇక ఒనేసిమును నిలదీసి వసూలు చేయడానికి ఏం మిగిలింది?

అంత చేసిన పౌలు కూడా ఫిలేమోను మెడలు వంచలేదు. ఆజ్ఞాపించే ధైర్యం నాకుంది గానీ ప్రేమను బట్టి వేడుకుంటున్నాను అంటాడు. నీ మేలు బలవంతంగా కాక ఇష్టపూర్వకంగా ఉండాలి అంటాడు. అపొస్తలుడే బతిమాలుకున్న చోట మనం గద్దిస్తున్నాం. క్షమించకపోతే ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో, చెయ్యి వేయొద్దని, గాయం ఇంకా పచ్చిగా ఉన్న మనిషిని అందరి ముందూ అనేవాళ్లను చూశాను. ప్రియులారా, అలా చేయకండి.

నాకు తెలిసిన ఒక సహోదరి సంగతి చెబుతాను. తోటి విశ్వాసి కష్టంలో ఉన్నాడని తన దగ్గర దాచుకున్న డబ్బంతా తీసి ఇచ్చింది. అతను తీర్చలేదు, తర్వాత మొహం చాటేశాడు. అందరూ ఆమెకు మత్తయి 18వ అధ్యాయం చదివి వినిపించారు. పదివేల తలాంతుల బాకీ మాఫీ అయినవాడు తోటివాడి చిన్న బాకీ వదలని ఆ ఉపమానం ఆమెకు తెలియనిదా? ఆమె అన్నీ విని ఊరుకునేది. ఒక పెద్దాయన మాత్రం ఏ వచనమూ చెప్పలేదు. నెల మొదట్లో కూడిక అయ్యాక ఆమె బైబిల్లో ఒక కవరు పెట్టి వెళ్లేవారు. ఏమిటని అడిగితే "అతని లెక్కలోదే అమ్మా, రాసుకో" అనేవారు. అది మొత్తం బాకీకి ఏ మూలకూ సరిపోదని ఇద్దరికీ తెలుసు. కొన్నాళ్లకు ఆమే ఆయన్ని ఆపేసింది. "ఇక చాలు అన్నయ్యా, అతనికి నేనే ఫోన్ చేస్తాను" అంది. చేసింది కూడా. ఆ మాటలు విన్నప్పటి నుంచి 19వ వచనం నాకు వేరుగా వినబడుతోంది.

దెబ్బతిన్న మీతో కూడా ఒక మాట. జరిగింది చిన్నదే అని మిమ్మల్ని మీరు మభ్యపెట్టుకోకండి. "నీ సహోదరుడు తప్పిదము చేసినయెడల అతని గద్దించుము" అని లూకా 17లో ప్రభువే అన్నాడు, క్షమించమన్నది ఆ వెంటనే. తప్పును తప్పు అనడం పగ పెట్టుకోవడం కాదు. అలా అన్నాక మోకాళ్లమీద కూర్చుని, అతను మీకు బాకీ పడ్డదాన్ని పేరు పెట్టి ప్రభువుకు చెప్పండి. పోయిన డబ్బు అయితే డబ్బు, పోయిన పరువు అయితే పరువు, పోయిన సంవత్సరాలు అయితే సంవత్సరాలు. "ప్రభువా, దీన్ని నీ లెక్కలో వేసుకో, అతని దగ్గర అడగను" అనండి. మర్నాడు పొద్దున్నే మళ్లీ కోపం వస్తుంది. మళ్లీ అనండి. ప్రభువు చెప్పిన డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, అన్నది ఒక్క తప్పు విషయంలోనే అవసరం పడే రోజులుంటాయి.

అలాగని ప్రమాదం ఉన్న చోటికి మనిషిని పంపడానికి ఈ వాక్యాన్ని వాడకండి. ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన ఆడపిల్లను "క్షమించి వెళ్లమ్మా" అని సాగనంపేవాళ్లు ఈ పత్రిక సరిగ్గా చదవలేదు. పౌలు ఒనేసిమును ఒంటరిగా పంపాడా? తుకికును తోడిచ్చాడు. ఫిలేమోనుతో పాటు అప్ఫియకు, అర్ఖిప్పుకు, సంఘమంతటికీ కలిపి రాశాడు, నలుగురికీ తెలిసేలా. 22వ వచనంలో "నాకు బస సిద్ధము చేయుము" అన్నాడు, అంటే నేనే వచ్చి చూసుకుంటాను అని. ఇవేవీ మనం చేయలేనప్పుడు ఆమెను పంపే హక్కు మనకు లేదు. కొట్టే చెయ్యి మారేదాకా ఆమెను మన ఇళ్లలో ఉంచుకోవడమే కృప.

పెద్దలారా, సంఘ సేవకులారా, ఈ ఏడాది మీరు ఎవరెవరిని క్షమించమని చెప్పారో గుర్తు చేసుకోండి. వచ్చే ప్రభువు బల్లకు ముందే వాళ్ల ఇంటికి వెళ్లండి. ఈసారి బైబిలు తెరవకముందు "నీకు పోయిందేమిటమ్మా" అని అడిగి, ఆమె చెప్పేదంతా మధ్యలో అడ్డురాకుండా వినండి. అందులో మీరు తీర్చగలిగింది ఎంత చిన్నదైనా సరే, అది మీ లెక్కలో రాసుకుని లేవండి.