పానగల్ నీడ మీద పిల్లలతో మూడు నిమిషాల వీడియో

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వీడియో ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు ‘మన ఊరి గొప్పతనం’ లాంటి అంశం ఇవ్వకండి. ఏం తీయాలో తేలక కనిపించిందల్లా తీసుకొస్తారు. ఒక ప్రశ్న ఇవ్వండి. ప్రశ్న ఉంటే ఏ షాటు కావాలో, ఏది అక్కర్లేదో పిల్లలే చెప్పేస్తారు.

నల్లగొండ చుట్టుపక్కల బడులకు ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ కనిపిస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది జరగదంటారు. నిజంగా జరగదా? జరగకపోతే ఎందుకు? మూడు నిమిషాలకు ఈ రెండు ప్రశ్నలు చాలు.

ఫోను బయటికి తీసేముందు నోటుబుక్కు. ఎడమ పేజీలో కనిపించేది, కుడి పేజీలో వినిపించేది. ఒక్కో షాటు తెర మీద ఏడెనిమిది సెకన్లు ఉంటుందనుకుంటే ఇరవై, ఇరవై రెండు షాట్లు సరిపోతాయి. వ్యాఖ్యానం రెండు వందల మాటలు దాటొద్దు. పిల్లలు రాసింది పాఠ్యపుస్తకంలా ఉంటుంది, ఒక్క గుక్కలో చదవలేరు. గడియారం పెట్టి పైకి చదివించండి, ఊపిరి ఆగినచోటల్లా వాక్యం తెంపించండి. గుంపుకు ఐదుగురు చాలు. ఆరోవాడికి పని ఉండదు, వెనక నిలబడి మాట్లాడతాడు, ఆ మాటలన్నీ రికార్డవుతాయి.

అసలు కష్టం నీడ షాటులో ఉంది. నీడ జరగలేదని చూపించాలంటే ఒకే చోటి నుంచి, ఒకే ఎత్తులో, పొద్దున 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి మూడుసార్లు తీయాలి. స్టాండు కాళ్లు ఏ బండల అతుకుల దగ్గర ఉన్నాయో ఫొటో తీసిపెట్టుకోండి. గుడి నేల మీద సుద్దతో గీతలు గీయొద్దు. ఇక్కడే ఫోను మోసం చేస్తుంది. చీకటిగా ఉన్నచోటికి తిప్పగానే దానంతట అదే వెలుతురు పెంచేస్తుంది. నల్లగా ఉండాల్సిన నీడ బూడిదరంగులోకి పోతుంది. పైగా మూడు షాట్లలో మూడు రకాల వెలుగు వస్తే చూసేవాళ్లు నమ్మరు. తెర మీద నీడ అంచు దగ్గర వేలు పెట్టి అలాగే నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో తాళం గుర్తు వస్తుంది. అప్పుడు పక్కనున్న సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగి వెలుతురు తగ్గించాలి. ఫ్లాష్ వేస్తే నీడే పోతుంది. వేళ్లతో జూమ్ చేస్తే గోడంతా మసకబారుతుంది. అయ్యగారు అనుమతించినంత దగ్గరికి నడిచి తీయడమే మేలు. అనుమతి ముందురోజే అడగాలి.

ప్రతి షాటు పది సెకన్లు కదపకుండా పట్టుకోవాలి. పిల్లలు రెండు సెకన్లకే ఫోను తిప్పేస్తారు, ఎడిటింగులో కోయడానికి ఏమీ మిగలదు. మనసులో పది దాకా లెక్కపెట్టమనండి.

ఇక శబ్దం. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినిపించకపోతే చూడరు. పక్కనే ఉదయసముద్రం చెరువు ఉంది, గాలి గట్టిగా వీస్తుంది. ఆరుబయట నిలబడి మాట్లాడితే బరబర తప్ప ఇంకేం వినపడదు. అయ్యగారితో మాట్లాడేటప్పుడు రెండో ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రికార్డర్ ఆన్ చేసి, ఆయన నోటికి జానెడు దూరంలో పట్టుకోవాలి. మొదట్లో ఒక చప్పట్లు కొడితే తర్వాత బొమ్మకు, శబ్దానికి జత కలపడం తేలిక. “నీడ గురించి చెప్పండి” అని అడిగితే స్థలపురాణం మొత్తం వస్తుంది. “అయ్యగారూ, మబ్బు పట్టినప్పుడు కూడా ఈ నీడ కనిపిస్తదా?” అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

ఎందుకన్న దానికి తరగతి గదిలో ప్రయోగం తీయాలి. గర్భగుడికి బదులు చెప్పుల అట్టపెట్టె, స్తంభాలకు బదులు నాలుగు లావు పెన్సిళ్లు, ముందు ట్రేసింగ్ కాగితం, దాని వెనక టార్చి. కాగితం లేకుండా టార్చి జరిపితే నీడ జరుగుతుంది. కాగితం అడ్డుపెట్టి వెలుతురును చెదరగొడితే నీడ పెద్దగా జరగదు. గుళ్లోకి నేరుగా ఎండ కాకుండా చెదిరిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి వస్తుందన్న వివరణ పిల్లలకు అప్పుడు కళ్లముందు కనిపిస్తుంది. ట్యూబులైటు ఆపేసి తీయండి, లేకపోతే తెర మీద చారలు పరుగెత్తుతాయి.

ఎడిటింగుకు బడి కంప్యూటర్లో ఓపెన్‌షాట్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం, వాటర్‌మార్కు పడదు. క్లిప్పులన్నీ ముందే ఒకే ఫోల్డరులో పెట్టాలి. ప్రాజెక్టు ఫైలులో వీడియోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో మాత్రమే రాసి ఉంటుంది. మధ్యలో పెన్‌డ్రైవ్ తీసేస్తే ఫైలు దొరకడం లేదంటుంది. తెలుగు టైటిల్‌లో ఒత్తులు విడిపోతే నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టి చూడండి, అప్పటికీ కుదరకపోతే టైటిల్‌ను బొమ్మగా చేసి అతికించండి. సినిమా పాట వద్దు, కాపీరైటు గొడవ. గుడి గంట, పావురాల చప్పుడు అక్కడే అరనిమిషం రికార్డు చేసుకుంటే అంతకన్నా బాగుంటుంది.

ఎడిటింగు అయ్యాక వీడియోను 1080పీలో ఎంపీ4 ఫైలుగా ఎక్స్‌పోర్టు చేయండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే కుదించేస్తుంది, గర్భగుడి చీకటంతా గళ్లుగళ్లుగా మారి నీడ అంచు కనపడదు. డాక్యుమెంటుగా పంపండి.