మెసేజ్‌ల వల్ల పోయింది భాష కాదు

కాలేజీలో తెలుగు చెబుతాను. పేపర్లు దిద్దే రోజులొస్తే చాలు, స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు అంటారు, "ఈ మెసేజ్‌లొచ్చాక పిల్లలకి భాష రాకుండా పోయింది" అని. నేను ఒప్పుకోను. పోయింది ఒకటుంది, కానీ అది భాష కాదు.

అసలు ఈ రాత ఎందుకిలా తయారైందో చూడాలి. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటర్ నుంచి ఒక ఫోన్‌కి క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. మొదటి ఎస్ఎమ్ఎస్ అదే. ఒక్కో మెసేజ్‌కి దక్కిన చోటు 140 బైట్లు, అంటే 1120 బిట్లు (కంప్యూటర్ దేన్నైనా దాచుకునే సున్నాలు, ఒకట్లు). ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి అందులో 160 పట్టాయి. తెలుగుకి యూనికోడ్ కావాలి, అన్ని భాషల లిపుల్నీ కంప్యూటర్‌కి చెప్పే పద్ధతి అది. అందులో ఒక్కో గుర్తుకి 16 బిట్లు. 160 కాస్తా 70 అయింది. అవి కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతం గుర్తు వేరే లెక్క, ఒత్తుకి ముందుండే పొల్లు వేరే లెక్క. 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాస్తే 70లో 6 ఖర్చయిపోతాయి. పైగా అప్పటి చాలా ఫోన్లలో తెలుగు పంపితే అవతల డబ్బాలు కనబడేవి.

అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. అరబ్ దేశాల పిల్లలూ అంతే. తమ భాషలో ఉండి ఇంగ్లీషులో లేని శబ్దాల కోసం 3, 7 లాంటి అంకెల్ని అక్షరాలుగా వాడేశారు. గ్రీకు పిల్లలదీ అదే దారి. దీన్ని బద్ధకం అంటే నాకు బాధేస్తుంది. చోటు లేని దగ్గర మాట్లాడుకోవడానికి దారి వెతుక్కున్నారు, అంతే.

భాష రాదన్న మాటకొస్తే, క్లాసుకి రాలేనప్పుడు నాకొచ్చే మెసేజ్‌లు చూడండి. "నమస్తే మేడమ్, జ్వరంగా ఉంది, రేపు నోట్స్ రాసుకుంటాను" అని పద్ధతిగా రాస్తారు. అదే నిమిషంలో ఫ్రెండ్‌కి "రేయ్ నే రావట్లే" అని పోతుంది. ఎవరితో ఎలా మాట్లాడాలో వాళ్లకి బాగా తెలుసు. బ్రిటన్‌లోని కోవెంట్రీ యూనివర్సిటీ వాళ్లు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, 10-12 ఏళ్ల పిల్లల్లో పొట్టి రాతలు ఎక్కువ వాడేవాళ్లే చదవడంలో మెరుగ్గా కనిపించారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. మాటలోంచి ఏ అక్షరం తీసేసినా అర్థం నిలబడుతుందో తెలియాలంటే, ముందు ఆ మాట శబ్దం చెవికి బాగా పట్టి ఉండాలి కదా.

మా అమ్మాయి దగ్గర ఇంకోటి నేర్చుకున్నాను. ఓ సాయంత్రం ఫోన్ పట్టుకుని దిగాలుగా కూర్చుంది. ఏమైందే అంటే స్క్రీన్ చూపించింది. ఫ్రెండ్ నుంచి "సరే." అని ఉంది. "సరే అనే కదా అంది?" అన్నాను. "అమ్మా, చివర చుక్క చూడు. మామూలుగా అయితే సరేఏఏ అంటుంది. లేదంటే సరేలే అంటుంది. చుక్క పెట్టిందంటే కోపమొచ్చినట్టే" అంది. నిజంగానే కోపమట, రాత్రికి ఫోన్ చేసి మాట్లాడుకున్నారు. అమెరికాలో బింగ్‌హామ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో దాదాపు ఇదే చెప్పారు: ఒక్క మాటతో ఇచ్చే జవాబు చివర ఫుల్‌స్టాప్ ఉంటే అందులో మనస్ఫూర్తి తక్కువగా అనిపిస్తుందట. ముఖం, గొంతు రెండూ లేని చోట ఈ పిల్లలు ఓ చుక్కలో, సాగదీసిన అచ్చులో మనసు చెప్పుకుంటున్నారు. ఇంత సూక్ష్మంగా రాత చదివే తరాన్ని పట్టుకుని భాష రాదనడం అన్యాయం.

పోయింది మాత్రం లిపి. ఇంగ్లీషు అక్షరాల్లో ణ-న తేడా ఉండదు, ళ-ల తేడా ఉండదు, దీర్ఘం ఎక్కడుందో ఊహించుకోవాలి. రోజంతా అలా రాసిన చెయ్యి పరీక్షలో 'నీళ్లు'కి బదులు 'నీల్లు' అని, 'ప్రాణం'కి బదులు 'ప్రానం' అని రాస్తుంది. ఆ పేపర్లు దిద్దుతుంటే మనసు చివుక్కుమంటుంది. 70 అక్షరాల ఇరుకు ఎప్పుడో పోయింది, ఇప్పటి చాట్‌లలో ఎంతైనా రాసుకోవచ్చు. అలవాటు మాత్రం ఉండిపోయింది.

అందుకే మా క్లాసు గ్రూపులో ఒక్కటే అడిగాను. యాస మీ ఇష్టం, పొట్టి మాటలు మీ ఇష్టం, ఎమోజీలు మీ ఇష్టం, లిపి మాత్రం తెలుగు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డులున్నాయి కాబట్టి కష్టమేం లేదు. మొదట్లో గ్రూపు మూగబోయింది. తర్వాత ఎవరో "మేడమ్ రేపు క్లాస్ ఉందాఆఆ" అని పెట్టారు, మిగతావాళ్లూ అందుకున్నారు. ణ, ళ ఇంకా కొందరికి తప్పుతున్నాయి. గ్రూపులో అందరి ముందూ దిద్దకుండా వాళ్లకి విడిగా మెసేజ్ పెడుతున్నాను.