మిర్చి సీజన్ అయ్యాక సముద్రం ఒడ్డున స్పా, నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో లెక్కలు చూస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు పోటెత్తే రోజుల్లో మాకు పొద్దూ మాపూ తెలియదు. రాత్రంతా లారీల నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉంటాయి. పొద్దున బేరాలు, తర్వాత కాటా, ఆపైన రైతులకు చెల్లింపులు. మెడ వంచుకుని ఆ లెక్కలన్నీ రాసీ రాసీ ఈ ఏడు కుడిచెయ్యి పైకెత్తి జడ వేసుకోవడం కూడా కష్టమైపోయింది. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, ఎముకకేమీ లేదమ్మా, కండరాలు బిగుసుకున్నాయి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుని వ్యాయామం చెయ్యి అన్నారు. ఇంట్లో ఉండి ఆడవాళ్లు తీసుకునే విశ్రాంతి ఏపాటిదో అందరికీ తెలుసు.

మేలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. అప్పుడే చీరాల తీరంలో స్పా ఉన్న హోటల్‌కి వెళ్దామనుకున్నాను. ఒక్కదాన్నే కాదు, మా వదినను కూడా తీసుకెళ్లాలని పట్టుబట్టాను. తుంటి ఎముక విరిగి మా అమ్మ మంచాన పడితే చూసుకున్నది వదినే. లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, రాత్రుళ్లు మేలుకోవడం అంతా తనే. కూతురినై ఉండి నేను యార్డులో ఉన్నాను. అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోందంటే ఆ చేతుల చలవే.

"పరాయివాళ్ల చేత ఒళ్లు పట్టించుకోవడమా? నాకు సిగ్గమ్మా" అంది వదిన. అన్నయ్య మాత్రం "అమ్మ దగ్గర నేనుంటాను, మీరిద్దరూ వెళ్లి రండి" అన్నాడు. ఆ మాటతో సగం పని అయిపోయింది.

మిగతా సగం ఫోన్లు. స్పా అని బోర్డు పెట్టినచోటల్లా ఒకే పద్ధతి ఉండదు. ఆడవాళ్లకు ఆడవాళ్లే మర్దన చేస్తారా, ఏ నూనె వాడతారు, మసాజ్ గదిలోనే స్నానానికి వీలుందా, గంట అంటే స్నానంతో కలిపా విడిగానా అని అడిగాను. ఒకచోట "అన్నీ ఉంటాయండి, ముందు డబ్బు వేసేయండి" అన్నారు. అక్కడితో ఆ నంబరు వదిలేశాను. ఇంకోచోట మాత్రం నేను అడిగేలోపే వాళ్లే అడిగారు: ఎవరికండీ, వయసెంత, షుగరూ బీపీ ఉన్నాయా, ఈమధ్య ఆపరేషన్లేమైనా అయ్యాయా అని. వదినకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయని చెప్పాను. "అయితే వాడే మందుల చీటీ తెచ్చుకోండి మేడమ్, ఆవిరి సంగతి వచ్చాక చూద్దాం" అంది ఆ అమ్మాయి. అక్కడే బుక్ చేశాను. ఎవరైనా నన్నడిగితే మొదట చెప్పేది ఇదే: మన ఆరోగ్యం గురించి అడగనిచోట ఒళ్లు అప్పగించకండి.

పన్ను సంగతి కూడా ముందే తేల్చుకున్నాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకూ, స్పా లాంటి సేవలకూ జీఎస్టీ 5 శాతమే. పాత రేట్ల కార్డు చూసి స్పాకు 18 శాతం కలిపి చెప్పేవాళ్లు ఇంకా ఉండొచ్చు కాబట్టి బిల్లు వివరం వాట్సాప్‌లో పెట్టించుకోవడం మంచిది. వారం మధ్యలో వెళ్తే గది కూడా కాస్త తక్కువకే దొరికింది.

చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల మీదుగా కారులో వెళ్లాం. పొన్నూరులో దిగి ఆ పెద్ద ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుంటేగానీ వదిన కదల్లేదు.

హోటల్లో ముందు ఒక ఫారం ఇచ్చారు. మందులు, అలర్జీలు, పాత గాయాలు, నొప్పి ఎక్కడ, ఎంత గట్టిగా నొక్కాలి, ఎక్కడ చెయ్యి వెయ్యకూడదు అన్నీ అందులో ఉన్నాయి. ఇది తొందరగా నింపి పడేసే కాగితం కాదు. కాళ్లలో నరాలు ఉబ్బి ఉన్నా, ఎప్పుడైనా రక్తం గడ్డకట్టి ఉన్నా, జ్వరంగా ఉన్నా, గర్భంతో ఉన్నా దాచకుండా రాయాలి. గడ్డ ఉన్న కాలిని గట్టిగా పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. వదిన పాదాలు అప్పుడప్పుడూ తిమ్మిరెక్కుతాయని కూడా రాశాం. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గితే నీళ్లు కాలుతున్నా తెలియదు. అది చదివి, మర్దన చేసే థెరపిస్ట్, వదిన పాదాలు నానబెట్టే వేడినీళ్లను గోరువెచ్చగా మార్పించింది. ఆవిరిపెట్టె వదినకు వద్దంది. బీపీ మందులు వేసుకునేవాళ్లు అంత వేడిలోంచి లేస్తే కళ్లు తిరగొచ్చని చెప్పింది. డబ్బు పోయేది వాళ్లకే, అయినా వద్దంది. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది.

నేను అభ్యంగనం, అంటే ఒళ్లంతా నూనె మర్దన, తీసుకున్నాను. మధ్యాహ్నం తేలిగ్గా పెరుగన్నం తిని, రెండు గంటలు ఆగి వెళ్లాను. థెరపిస్ట్ గిన్నెను వేడినీళ్లలో పెట్టి నూనె కాచి, ముందు తన మణికట్టు మీద చూసుకుని తర్వాత నా చేతిమీద ఒక చుక్క వేసింది. ఒంటినిండా దుప్పటి ఉంటుంది, ఏ భాగానికి మర్దన చేస్తుంటే అంతవరకే తీస్తారు. వదినకు ఉన్న సిగ్గు నాకూ కొంత ఉండేది, అది అక్కడ పోయింది. నువ్వుల నూనె వాసన తగలగానే దీపావళి పొద్దున మాడుకు నూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టే మా అమ్మ చేతులు గుర్తొచ్చాయి.

మెడ నుంచి భుజానికి దిగే కండ దగ్గర ఆమె వేళ్లు ఆగాయి. "ఇక్కడ ముడి పడింది మేడమ్, నొప్పి భరించలేకపోతే చెప్పండి" అంది. మొదట బొటనవేలితో నిదానంగా నొక్కి పట్టింది, ఊపిరి వదలమంది. నేను వదిలేకొద్దీ కొంచెం లోపలికి దిగింది. ఆ నొప్పి తలలోకి పాకి, ఉన్నట్టుండి తగ్గిపోయింది. ఒకసారి మరీ గట్టిగా అనిపిస్తే చెప్పాను, వెంటనే తగ్గించింది. నోరు మూసుకుని భరిస్తే కండ ఇంకా బిగుసుకుంటుందట, మర్నాడు ఒళ్లు నొప్పులూ వస్తాయట. ఆ గంటలో నాకు నిద్ర పట్టలేదు. కానీ ఎవరికీ ఏ లెక్కా చెప్పక్కర్లేని గంట అది. అలాంటిది ఎన్నాళ్లకు దొరికిందో!

వదిన నుదుటి మీద సన్నని ధారగా నూనె పోసే శిరోధార తీసుకుంది. బయటికి వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎవరో నా తల పట్టుకుని కూర్చున్నారమ్మా ఇంతసేపు" అంది. ఆ మాటకు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకూడదు. పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని లేవాలి. కాళ్లకు నూనె ఉంటుంది కాబట్టి స్నానాల గది దాకా పట్టుకునే నడవాలి. ఆ రోజు నీళ్లు బాగా తాగి తేలిగ్గా తిన్నాం.

సాయంత్రం చీరాల దగ్గరి వాడరేవు బీచ్ వైపు వెళ్లాం. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, గుంటూరులో మధ్యాహ్నాలు అలాగే ఉన్నాయి. ఇక్కడ మాత్రం మధ్యాహ్నం నుంచే సముద్రం మీంచి గాలి మొదలైంది. నేల తొందరగా కాగుతుంది, సముద్రం అంత తొందరగా కాగదు. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రపు చల్లగాలి వస్తుంది. ఒడ్డున బోట్లు వరసగా లాగిపెట్టి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవల వేటకు నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. అందుకే ఈ నెలల్లో చందువా, వంజరం చేపల కోసం ఆశపడి రావద్దు. మోకాళ్ల లోతు దాటి నీళ్లలోకి దిగలేదు. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, ఈత వచ్చినవాళ్లు కూడా ఏటా కొందరు పోతున్నారు.

బయల్దేరేముందు థెరపిస్ట్ నాకు కూర్చునే తీరు చూపించింది. లెక్కల పుస్తకాన్ని బల్ల మీద ఎత్తుగా పెట్టుకోవాలి, అరగంటకోసారి లేచి భుజాలు వెనక్కి తిప్పాలి. మర్దన ఎంత బాగున్నా కొద్దిరోజులే, మిగతాది మీ చేతిలోనే అని చెప్పింది. ఇప్పుడు జడ వేసుకోగలుగుతున్నాను. దుకాణంలో నా బల్ల మీద చెక్కపీట ఒకటి వేయించాను.

వదిన మళ్లీ కార్తీకంలో వెళ్దామంటోంది. ఆ నెలలో సముద్ర స్నానాలకు సూర్యలంక, చీరాల వైపు జనం కిటకిటలాడతారు, పైగా తుపానుల రోజులు. డిసెంబర్‌లో, కొత్త మిర్చి యార్డుకు పోటెత్తకముందే వెళ్దామన్నాను. ఈసారి అమ్మను కూడా తీసుకెళ్తాం. ఆమెకు మర్దన చేయించొచ్చా లేదా అన్నది ముందు ఎముకల డాక్టరును అడిగి, ఆయన చీటీ రాస్తేనే గది బుక్ చేస్తాను.